లిస్కా కూర్చున్న చోటు

లిస్కా పాత ఇనుము లారీ ఎక్కి వెళ్ళిపోయి రెండేళ్ళు దాటింది. అయినా పోద్‌స్కాలా పాల సహకార సంఘంలో ఆ సంగతి ఎవరి తలకూ ఎక్కలేదు. ట్యాంకులో పాలు చల్లబడటం ఆలస్యమైతే లిస్కా మూతి ముడుచుకుందంటారు. రైతుల ఫోన్లకి కొలతల మెసేజ్ రాకపోతే లిస్కా నెమరేస్తోందంటారు. ఆ మాట విన్నప్పుడల్లా బ్రీనాకి ఒళ్ళు మండేది.

లిస్కా అంటే ఆవు కాదు, సర్వరు. పేరు మాత్రం ఆవుదే. సంఘంలో కంప్యూటర్లు మొదలైన నాటి నుంచి పింఛను తీసుకునేదాకా ఆ గదిని ఏలినవాడు లోవ్రెంట్స్. వచ్చిన ప్రతి యంత్రానికీ తన దొడ్లోని ఒక ఆవు పేరు పెట్టుకున్నాడు. అన్నిట్లోకీ ఎక్కువ పాలిచ్చిన మచ్చలావు పేరు పెద్ద సర్వరుకి దక్కింది. అది ముసలిదై మూలుగుతుంటే దాన్ని తీసేసి, అదే అరలో, అదే నెట్‌వర్క్ చిరునామాతో కొత్తది పెట్టారు. అమ్మినవాళ్ళు దానికి 'ఉప్రావ' అని పేరు పెట్టి మరీ పంపారు. అజమాయిషీ అని అర్థం. సంఘంలో ఉన్న మిగతా సర్వర్లన్నిటినీ ఒక్క చోట కూర్చుని చూసుకునే సాఫ్ట్‌వేర్ అందులో ఉంటుంది కాబట్టి పేరు తగినదే. కాకపోతే ఆ పేరుతో పిలిచే మనిషి లోయ మొత్తానికి బ్రీనా ఒక్కతే.

బ్రీనాని కూడా పేరుతో పిలిచేవాళ్ళు తక్కువే. ఆమె కోపర్ నుంచి, అంటే సముద్రపు ఒడ్డు నుంచి, లోవ్రెంట్స్ ఖాళీ చేసిన ఉద్యోగంలోకి వచ్చింది. అందుకని సముద్రం పిల్ల అయింది. ముప్పయ్యారేళ్ళ మనిషిని పిల్ల అనడం ఏమిటని మొదట్లో చిన్నబుచ్చుకుంది గానీ, డెబ్బయ్యేళ్ళ ఆవిణ్ణి కూడా ఇక్కడ పిల్ల అనే తొంభయ్యేళ్ళ ఆవిడ ఇంకొకరు ఉన్నారని తెలిశాక ఊరుకుంది.

ఆ గురువారం మధ్యాహ్నం ఉప్రావలోని సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చే ప్రయత్నం ముచ్చటగా మూడోసారి బోల్తా కొట్టింది.

ప్రతిసారీ ఒకే తంతు. పాతదాని పక్కన కొత్తది లేస్తుంది. సామానంతా ఒక్కొక్కటే ఎత్తుకుంటుంది. తెర మీద పని ఎంతయిందో చూపే గీత చక్కగా ముప్పాతిక దాటుతుంది. ఇక చివరికి, పాతదాని చిరునామా తన పేరున పెట్టుకుని నిలబడాల్సిన చోట, గుమ్మంలో కాలు పెట్టబోయి తట్టుకున్నట్టు పడిపోతుంది. ఆ పైన ఒక ఎర్ర వాక్యం: 'సేవ మొదలు కాలేదు, మీ నిర్వాహకుణ్ణి సంప్రదించండి.' ఆ నిర్వాహకురాలు తనే. బ్రీనా తనను తాను చాలాసార్లు సంప్రదించుకుంది. డిస్కులో చోటుంది. గడియారం సరిగ్గా ఉంది. పాస్‌వర్డులు సరైనవే. పేర్లూ చిరునామాలూ చూసే డీఎన్‌ఎస్‌ని పిలిచి 'ఉప్రావ ఎక్కడుంటుంది' అని అడిగితే అది ఎప్పుడూ సరైన చిరునామాయే చెప్పింది. ఇంకేం చూడాలో తెలియక, ముందే దాచుకున్న నకలు నుంచి పాతదాన్నే మళ్ళీ లేపి, చల్లారిన కాఫీ తాగుతూ కూర్చుంది.

సంఘం మేనేజరు యెల్కా తలుపు తోసుకుని వచ్చింది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. తెల్ల కోటు వేసుకునే తిరుగుతుంది కాబట్టి ఆమె వెంట ఎప్పుడూ చీజ్ గది వాసన కూడా వస్తుంది.

"మళ్ళీనా?"

"మళ్ళీనేనండీ."

"అసలు లిస్కాకి ఏం రోగమే?"

"లిస్కా లేదు యెల్కా గారూ. ఇది ఉప్రావ."

"పేరేదైతే నాకేం, నిలబడి పాలిస్తే చాలు." యెల్కా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గొంతు తగ్గించడం ఆమెకి అలవాటు లేని పని. కష్టపడి తగ్గించింది. "చూడమ్మాయ్, శనివారం సర్వసభ్య సమావేశం. ఈ పాత వెర్షన్‌కి నెలాఖరు తర్వాత అమ్మినవాళ్ళ దిక్కూ దివాణం ఉండదని నువ్వే చెప్పావు. పెద్దల సంఘంలో కొందరు రాజధాని లుబ్లియానాలో ఒక కంపెనీని మాట్లాడి ఉంచారు. మొత్తం వాళ్ళే చూసుకుంటారట, అక్కడ్నుంచే. అప్పుడు ఈ కుర్చీ ఉండదు. నేను నీ పక్షమే. కానీ పడిపోయిన బండిని చూపించి బండివాడు మంచోడంటే ఎవరు వింటారు?"

"ఇంకొక్కసారి చేస్తానండీ."

"శనివారం లోపల చెయ్యి," అని లేచి వెళ్ళిపోయింది.

బ్రీనా భయం జీతం గురించి కాదు. కోపర్‌లో హోటళ్ళున్నాయి, హోటళ్ళలో ఎప్పుడూ పాడయ్యే ప్రింటర్లున్నాయి, ఆమె లాంటి వాళ్ళకి అక్కడ పని దొరుకుతుంది. కానీ ఆమెకి వెళ్ళాలని లేదు. చర్చి వెనక మెజ్నర్ వాళ్ళిల్లు అని పిలిచే, ఇప్పుడు మెజ్నర్లెవరూ లేని ఒక చిన్న రాతి ఇల్లు అద్దెకి తీసుకుంది. పెరట్లో చిక్కుడు పాదులు పెట్టింది. పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎదురుగా కొండ, దాని మీద ఆవుల గంటలు. ఇన్నేళ్ళ జీవితంలో ఇక్కడే ఉండిపోవాలి అనిపించిన చోటు ఇదొక్కటే. ఆ లోయలో ఆమెకి తెలిసిన పనికి ఉన్నది ఒకే కుర్చీ. అది పోతే లోయ కూడా పోయినట్టే.

ఆలోచిస్తే బుర్ర వేడెక్కడం తప్ప లాభం లేదని సైకిలెక్కి ఇంటికొచ్చి, చిక్కుడు పాదులకి నీళ్ళు పోస్తోంది. పక్కింటి ముందు పసుపు రంగు వ్యాను ఆగింది. పక్కిల్లు లోవ్రెంట్స్‌దే. ఆయన వేసవి మొత్తం కొండ మీది మేతబయల్లో మందతో ఉంటాడు కాబట్టి కింద ఉండేది ఆయన భార్య ఫానికా. ఆవిడ అరుగు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. వ్యాను అబ్బాయి ఈ దారికి కొత్త. చేతిలో అట్టపెట్టె పట్టుకుని దిగాడు.

"కవ్‌చిచ్ గారిల్లు ఇదేనా అమ్మా?"

"కవ్‌చిచ్‌లెవరూ లేరు నాయనా. ఇది రూతర్ వాళ్ళిల్లు."

అబ్బాయి పెట్టె మీద చూశాడు, గోడ మీద చూశాడు. "నంబరు ఇదే ఉందే."

"నంబరు మాదే. మనుషులం మేం కాదు."

"మరి ఈ ఊళ్ళో కవ్‌చిచ్‌లు..."

"నేను కాపురానికి వచ్చి నలభయ్యేళ్ళు పైనే అయింది, అలాంటి పేరు విన్లేదు. కింది ఊళ్ళో అడిగి చూడు."

అబ్బాయి పెట్టె వెనక్కి పెట్టేసుకుని వ్యాను తిప్పాడు. బ్రీనా నీళ్ళ గొట్టం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఫానికా అత్తా, మీ ఆయన లోవ్రెంట్స్ కవ్‌చిచ్ కదా?"

ఫానికా చేతిలో బఠాణీ కాయ ఆగింది. ఆవిడ తలలో ఎక్కడో వెతుక్కుంది. "అయ్యో, అవును సుమా. నేనూ అదే కదూ. కాగితాల మీద అంతే, ఊళ్ళో మేం రూతర్ వాళ్ళమే. నోరు తెరిచి ఎవరైనా పిలిస్తే కదమ్మా గుర్తుండటానికి. ఆయనకి బూట్లు తెప్పించాను, అవేనేమో. పరిగెత్తవే తల్లీ, నీ కాళ్ళు కుర్రవి."

బ్రీనా గొట్టం పడేసి పరిగెత్తింది. వంతెన దగ్గర ఆవులు అడ్డంగా నిలబడి ఉండబట్టి వ్యాను దొరికింది. పెట్టె చంకన పెట్టుకుని, రొప్పుతూ, నవ్వుకుంటూ వెనక్కి నడిచి వస్తుంటే వంతెన మీద కాళ్ళు ఆగిపోయాయి.

వ్యాను అబ్బాయి దగ్గర పేరుంది. ఆ పేరు పట్టుకుని నేరుగా సరైన ఇంటికే వచ్చాడు. అంతవరకూ తప్పేమీ జరగలేదు. వచ్చి ఇంటిని 'నువ్వెవరు' అని అడిగితే ఇల్లు వేరే పేరు చెప్పింది. అందుకని గుమ్మం దాకా వచ్చిన సామాను గుమ్మంలోంచే తిరిగిపోయింది.

తను రోజుల తరబడి పేరు చెప్పి చిరునామా అడుగుతోంది. చిరునామా చెప్పి పేరు అడగాలని ఒక్కసారీ తోచలేదు.

పెట్టెని ఫానికా ఒళ్ళో పడేసి, ఏమిటే ఏమైందే అని ఆవిడ అంటూండగానే సైకిలెక్కింది. సంఘంలో ఎవరినీ పలకరించకుండా గదిలోకి దూరి డీఎన్‌ఎస్‌ని తిరగేసి అడిగింది: ఈ చిరునామాలో ఉండేదెవరు? తెర మీద ఒకే ఒక్క మాట వచ్చింది. లిస్కా.

బ్రీనా పగలబడి నవ్వింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. మేనేజరు దగ్గర్నుంచి పాల లారీ డ్రైవరు దాకా అందరూ రోజూ జవాబు చెబుతూనే ఉన్నారు. తనే ఒళ్ళు మండించుకుని వాళ్ళని సరిదిద్దుతూ వచ్చింది. పాత వెర్షన్‌కి ఈ పట్టింపు లేదు. కొత్తది మాత్రం ఇంట్లో దిగేముందు రెండు వైపుల నుంచీ అడుగుతుంది. పేరు చెప్పిన చోటూ, చోటు చెప్పిన పేరూ కలవకపోతే అది ఆ గుమ్మం తొక్కదు.

నవ్వు అయ్యాక అసలు కష్టం గుర్తొచ్చింది. మార్చాల్సింది ఒక్క లైను. ఆ లైను ఉన్నది లోవ్రెంట్స్ తన చేతులతో కట్టిన ఒక పాత కంప్యూటర్ పెట్టెలో. దిగిపోయేటప్పుడు ఆయన అన్ని తాళాలూ అప్పగించాడు, ఆ ఒక్క పెట్టె పాస్‌వర్డు తప్ప. కొత్త సర్వరు పేరు అందులో ఎక్కించింది కూడా ఆయనే. ఆ తర్వాత దాని జోలికి వెళ్ళే అవసరం ఆమెకి రాలేదు. తాళం పగలగొట్టే విద్య బ్రీనాకి రాకపోలేదు. కానీ అందుకు పెట్టెని ఆపాలి. దాన్ని ఆపితే పాల ట్యాంకులు ఎవరితో మాట్లాడాలో తెలియక గుడ్లు తేలేస్తాయి. పైగా ఇంటి పెద్ద బతికుండగా ఆయన పెట్టె బద్దలుకొట్టడం ఆమెకి మనస్కరించలేదు.

ఫోన్ చేసి అడుగుదామంటే, లోవ్రెంట్స్ తన ఫోన్‌ని ఆదివారం నాడు మాత్రం, అదీ సిగ్నల్ కోసం ఒక బండ ఎక్కి నిలబడి, ఫానికాతో మాట్లాడటానికే తెరుస్తాడు.

"అయితే బూట్లు నువ్వే పట్టుకెళ్ళు," అంది ఫానికా. "నా మాటగా ఇంకోటి చెప్పు. గడ్డం గీసుకోమను."

శుక్రవారం పొద్దున బ్రీనా కారు వెళ్ళినంత దూరం వెళ్ళి, అక్కడి నుంచి పెట్టె వీపున కట్టుకుని నడిచింది. సముద్రపు ఒడ్డున పెరిగిన కాళ్ళకి కొండ ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. మధ్యలో రెండు మూడు బండల్ని పేరు పెట్టి తిట్టింది.

గుడిసెలో లోవ్రెంట్స్ రాగి కాగు ముందు నిలబడి పొడుగాటి కర్రతో పాలవిరుగుడు కలుపుతున్నాడు. ఎండిన కట్టెలా ఉండే మనిషి. గడ్డం నిజంగానే దారుణంగా ఉంది. ఆమెని చూసి చెయ్యి ఆపలేదు.

"ఎవరు, సముద్రం పిల్లా? వీపున ఏమిటది?"

"మీ బూట్లు. ఫానికా అత్త పంపింది. గడ్డం గీసుకోమంది."

"ఆవిడ ఎంచిన బూటు ఏదైనా కరుస్తుంది. జీవితంలో సరిగ్గా ఎంచుకున్నది నన్నొక్కణ్ణే." ఆమెని ఎగాదిగా చూశాడు. "బూట్ల కోసమైతే నువ్వింత చెమటోడ్చి రావు. లిస్కాకి ఏమైంది?"

"లిస్కా లేదు కాబట్టే గొడవండీ."

బ్రీనా జరిగిందంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. పని తెలిసినవాడు కాబట్టి సగం చెప్పేసరికే మిగతా సగం అర్థమైంది. అర్థమైనందుకు మొహం విప్పారాల్సింది పోయి బిగుసుకుంది.

"అంటే ఆ చోటుని పేరడిగితే లిస్కా అంది. ఉన్న నిజమే చెప్పింది కదా."

"మీరు మార్చడం మరిచిపోయారండీ, అంతే. ఒక్క లైను."

"మరిచిపోవడానికి నేనేం పసివాణ్ణా? తెలిసే ఉంచాను. చోటు లిస్కాది. కొత్తది వచ్చి అక్కడ కూర్చుంది, కాబట్టి అదీ లిస్కాయే. మా తాత ఈ ఊరికి ఇల్లరికం వచ్చాడు. పెళ్ళినాడు పొద్దున కవ్‌చిచ్, సాయంత్రానికి రూతర్. నీకిష్టమేనా అని ఆయన్ని ఎవరూ అడగలేదు, నన్నూ అడగలేదు. అసలు రూతర్ అనేవాడు ఎవడో, ఎప్పుడు పోయాడో దేవుడికెరుక. ఇంటికి పేరుంటుంది, అందులోకి వచ్చినవాడు దాన్ని తొడుక్కుంటాడు. మనుషులకి లేని పట్టింపు ఆ డబ్బాకెందుకు?"

"ఆ డబ్బాకి ఉంది మరి. ఏం చెయ్యను?"

"పేరు మార్చుకోమను. లిస్కా అని పెట్టుకోమను."

"ఒకసారి పెట్టిన పేరు మార్చితే దాని కిందున్నవన్నీ విడదీసి మళ్ళీ కట్టాలి. వారం పడుతుంది. రేపే సమావేశం."

"అయితే నేనేం చేసేది? అక్కడ ఆ పేరు చెరిపితే లిస్కా ఉండేదన్న ఆనవాలే ఉండదు." ఆయన గొంతు కాస్త గరగరలాడింది. అది ఆవు గురించో, సర్వరు గురించో, ఆ గదిలో గడిచిపోయిన తన ఏళ్ళ గురించో ఆయనకే తెలియాలి.

బ్రీనాకి ఒక్కసారిగా కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "నా ఉద్యోగం పోతుందండీ. రేపు ఇది నిలబడకపోతే లుబ్లియానా వాళ్ళకి ఇచ్చేస్తారు. నేను మళ్ళీ కోపర్ వెళ్ళి హోటళ్ళలో ప్రింటర్లు బాగుచేసుకుంటూ బతకాలి. నాకు వెళ్ళాలని లేదు. ఇక్కడ ఉండాలని ఉంది. మీకు ఆవు పేరు ముఖ్యం, సరే."

లోవ్రెంట్స్ ఒక్క అడుగు పక్కకి జరిగాడు. కర్ర ఆమె చేతికిచ్చాడు. "ఒకే వైపు తిప్పు. ఆపితే అడుగంటుతుంది," అని పొయ్యిలో కట్టెలు సర్దడానికి కూర్చున్నాడు.

ఆమె తిప్పింది. కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. తిప్పగా తిప్పగా కోపం దిగింది. కోపం దిగాక నిన్న ఫానికా అన్న మాట గుర్తొచ్చింది, కాగితాల మీద అంతే అన్న మాట.

"లోవ్రెంట్స్ గారూ, పన్నుల ఆఫీసు వాళ్ళు వచ్చి ఈ ఇల్లెవరిదని అడిగితే మీరేమంటారు?"

"కవ్‌చిచ్ అంటాను."

"రూతర్ అనరా?"

"అంటే పిచ్చివాణ్ణే. కవ్‌చిచ్‌కి ఒక పన్ను, రూతర్‌కి ఇంకో పన్ను వేసి చేతికిస్తారు. వాళ్ళకి హాస్యాలు తెలియవు."

"ఈ కొత్త సాఫ్ట్‌వేర్ కూడా పన్నుల ఆఫీసు మనిషేనండీ. ఇంట్లో దిగేముందు పేరడుగుతుంది. దానికి మాత్రం కాగితం మీద పేరు చెప్పాలి. ఊళ్ళోవాళ్ళు ఎలా పిలుచుకుంటే దానికేం పని? లిస్కా అనే పేరుని చెరిపెయ్యక్కర్లేదు. ఎవరు లిస్కా అని పిలిచినా ఉప్రావ దగ్గరకే తీసుకెళ్ళేట్టు మారుపేరుగా ఉంచేద్దాం. పిలుపుకి లిస్కా, కాగితానికి ఉప్రావ."

లోవ్రెంట్స్ పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు. గడ్డం గోక్కున్నాడు. "పన్నుల ఆఫీసు అని ముందే ఏడవొచ్చుగా. ఇంతసేపూ డీఎన్‌ఎస్ డీఎన్‌ఎస్ అని నా ప్రాణం తీశావు."

పాస్‌వర్డు చెప్పండి, రాసుకుంటాను అంటే మాత్రం ఒప్పుకోలేదు. తన చేత్తోనే తెరుస్తానన్నాడు. సాయంత్రం పాలు తోటి కాపరికి అప్పగించి, విరుగుడూ మొక్కజొన్న పిండి ఉడకబెట్టిన ముద్దా ఆమెకి కడుపునిండా పెట్టి, తను గడ్డం గీసుకుని, కొత్త బూట్లు తొడుక్కుని బయల్దేరాడు. దారి పొడుగునా కుడి బూటు కరుస్తోందని ఫానికాని తిట్టాడు. కారెక్కాక నువ్వు తోలే తీరుకంటే బూటే నయమన్నాడు.

సంఘం గదిలో కుర్చీలో కూర్చోగానే, "అటు తిరుగు," అన్నాడు.

బ్రీనా గోడకేసి తిరిగి క్యాలెండరులో ఆవు బొమ్మ చూస్తూ నిలబడింది. వెనక రెండు వేళ్ళతో ఒక్కొక్క మీటా నొక్కుతున్న చప్పుడు. తప్పు కొట్టినట్టున్నాడు, ఒక బూతు. మళ్ళీ చప్పుడు. "రా," అన్నాడు.

ఆమె లైను మార్చింది. ఆ చిరునామాలో ఉండేది ఉప్రావ. కింద ఇంకో లైను చేర్చింది. లిస్కా అని పిలిస్తే ఉప్రావ. లోవ్రెంట్స్ కళ్ళజోడు పైకి నెట్టుకుని, తనే లిస్కా అని కొట్టి చూశాడు.

"పలికింది," అన్నాడు మెల్లగా. కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు, తుడవాల్సినంత మరకేం దాని మీద లేదు. తర్వాత కుర్చీలోంచి లేచి ఆమెని కూర్చోబెట్టి, తనే గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

"ఏమిటండీ?"

"తాళం ఇక నీది. కొత్త మాట పెట్టుకో. ఆవు పేరు మాత్రం పెట్టకు. ఈ లోయలో అందరి ఆవులూ అందరికీ తెలుసు."

ఆ తర్వాత నకలు తీసుకుని నాలుగోసారి మొదలుపెట్టింది. ఎలా తెలిసిందో గానీ యెల్కా వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆమె వెనకే చీజ్ గదిలో పనిచేసే ఇద్దరు. ఫానికా మొగుణ్ణి చూసే వంకతో వాల్‌నట్ పొటిత్సా అనే తీపి రొట్టె కోసుకుని పళ్ళెంతో దిగింది. తెర మీద గీత పాకుతుంటే అందరూ ఈనే ఆవు చుట్టూ చేరినట్టు చేరి, ఎవరికి తోచిన సలహా వాళ్ళు చెప్పారు. ముప్పాతిక దాటేసరికి మాటలు ఆగాయి. ఎప్పుడూ పడే చోటికి వచ్చింది. గీత అక్కడ ఆగింది. ఆగి, ఆలోచించి, ముందుకు పాకింది. ఆ తర్వాత ఒక్కొక్క సేవా పచ్చగా వెలగడం మొదలుపెట్టింది.

"లిస్కా లేచిందా?" అంది యెల్కా.

బ్రీనా నోరు అలవాటుగా తెరుచుకుంది. మూసుకుని మళ్ళీ తెరిచింది. "లేచిందండీ."

మర్నాడు సమావేశం అగ్నిమాపక దళం వాళ్ళ హాల్లో జరిగింది. లుబ్లియానా కంపెనీ నుంచి తళతళలాడే బూట్లాయన ఒకరు వచ్చారు. తమవాళ్ళయితే ఇలాంటివి కుర్చీలోంచి కదలకుండానే చక్కబెడతారన్నారు. వెనక వరసలోంచి లోవ్రెంట్స్ లేచాడు.

"కొండెక్కగలరా మీవాళ్ళు?"

"కొండెందుకండీ?"

"అదిగో," అని లోవ్రెంట్స్ అందరికేసీ తిరిగాడు. "తప్పెవరిదీ కాదు. ఆ కొత్త సరుకు పన్నుల ఆఫీసు పద్ధతిలో అడుగుతోంది, మన పెట్టె ఊరి పద్ధతిలో చెబుతోంది. ఈ అమ్మాయి కనిపెట్టింది."

హాలంతా ఒక్కసారి ఆహా అంది. ఇంత విడమరిచి డీఎన్‌ఎస్ గురించి ఆ లోయలో ఎవరూ ఏనాడూ చెప్పలేదు. అర్థం కానిదల్లా తళతళ బూట్లాయనకే. చేతులెత్తమంటే బ్రీనా కుర్చీ ఉండాలని లేచిన చేతుల్ని లెక్కపెట్టే పని కూడా పడలేదు. ఫానికా రెండు చేతులూ ఎత్తింది. ఇంటికొచ్చి బ్రీనా తలుపేసుకుని హాయిగా కాసేపు ఏడ్చి, తర్వాత చిక్కుడు పాదులకి నీళ్ళు పోసింది.

తర్వాతి వారంలో ఒక మధ్యాహ్నం ఆమె వంటింట్లో గిన్నెలు తోముతుంటే బయట వ్యాను ఆగిన చప్పుడైంది. కోపర్ నుంచి వాళ్ళమ్మ ఆలివ్ నూనె పంపుతానంది. వచ్చినట్టుందని చేతులు కడుక్కుంటోంది. కిటికీలోంచి ఆ కొత్త అబ్బాయి గొంతు వినిపించింది. అరుగు మీద కనిపించిన మనిషిని అడుగుతున్నాడు.

"గ్లవీనా అనేవాళ్ళు ఎక్కడుంటారమ్మా?"

"గ్లవీనానా?" ఫానికా గొంతు. "ఆ పేరుగలవాళ్ళు ఈ ఊళ్ళో లేరు నాయనా."

"బ్రీనా గ్లవీనా అని ఉందమ్మా. నంబరు ఆ పక్కిల్లే చూపిస్తోంది."

"ఆ పక్కిల్లు మెజ్నర్ వాళ్ళది. బ్రీనా అని ఉంది, కానీ ఆ పిల్ల మా మెజ్నర్ వాళ్ళ బ్రీనా. నువ్వు వెతికేది ఇంకెవరో అయ్యుంటారు. కింది ఊళ్ళో అడిగి చూడు."

బ్రీనా తడిచేతులతో అలాగే నిలబడిపోయింది. వెంటనే కేకెయ్యాలి. వెయ్యలేదు. మా మెజ్నర్ వాళ్ళ బ్రీనా అన్న మాటని లోపల ఇంకోసారి అనుకుంది. వ్యాను తలుపు పడిన చప్పుడు, తిరిగిన చప్పుడు, వంతెన వైపు దిగిపోతున్న చప్పుడు, అన్నీ విన్నది. విన్నాక అప్పుడు ఉత్త కాళ్ళతోనే గుమ్మం దాటి, నవ్వుతూ, దాని వెనక పరిగెత్తింది.